మెరకలో మునిగిన గుమ్మటం

నేలను మరచి బొమ్మను నమ్మినందుకు ఒక మహాశిల్పి జీవితాంతం బాధపడ్డాడు. వందేళ్ళు గడిచాయి. కాగితం పోయి కంప్యూటరు తెర వచ్చింది. పరీక్ష మాత్రం మారలేదు.

ఢిల్లీలో ఇండియా గేటు దగ్గర పడమటి దిక్కుగా నిలబడితే, చూపు కర్తవ్యపథం వెంట నేరుగా సాగిపోయి రైసినా కొండ మీద ఆగుతుంది. రెండు వైపులా సచివాలయ భవనాలు ద్వారపాలకుల్లా నిలిచి ఉంటాయి. వాటి నడుమ, అల్లంత దూరాన, రాష్ట్రపతి భవన్ గుమ్మటం ఠీవిగా కనిపిస్తుంది. చూసిన వారెవరికైనా కలిగే కోరిక ఒక్కటే: ఇంకాస్త దగ్గరికి పోయి చూడాలని.

అలా పడమటికి నడవడం మొదలుపెట్టిన యాత్రికుడికి ఒక వింత అనుభవం ఎదురవుతుంది. దగ్గరికి పోయిన కొద్దీ ఏ భవనమైనా పెరగాలి. ఈ భవనం తరుగుతుంది! మొదట మెట్లు పోతాయి. తరువాత స్తంభాల వరుస మెల్లగా కిందికి జారుతుంది. విజయ్ చౌక్ చేరేసరికి, అంటే సరిగ్గా కొండ పాదానికి వచ్చేసరికి, 340 గదుల ఆ మహాసౌధం నేలలోకి దిగబడిపోయి, గుమ్మటం పైభాగం మాత్రం ఎవరో రోడ్డు చివర బోర్లించి పెట్టిన గిన్నెలా మిగులుతుంది. అక్కడినుంచి వాలు ఎక్కడం మొదలుపెడితే, మునిగినది మళ్ళీ తేలుతుంది. కొండ పైకి చేరాక భవనం ఏమీ ఎరగనట్టు సంపూర్ణంగా ఎదుట నిలుస్తుంది.

ఇది కనికట్టు కాదు. శిల్పి కోరి చేసిన చమత్కారమూ కాదు. కట్టడానికీ, అది నిలిచే నేలకూ పొత్తు కుదర్చడంలో జరిగిన పొరపాటు. దాని వెనుక పాతికేళ్ళ స్నేహం ఒకటి తెగిపోయిన కథ ఉంది.

ఏనుగుల మీద అన్వేషణ

1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో అయిదవ జార్జి చక్రవర్తి రాజధానిని కలకత్తానుంచి ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించాడు. మూడు రోజుల తరువాత, డిసెంబరు 15న, దర్బారు జరిగిన ప్రాంతానికి చేరువలోనే కొత్త నగరానికి శంకుస్థాపన కూడా జరిగిపోయింది. చక్రవర్తి రాయి వేసిన చోట నగరం లేవాలి. కాని నేల అందుకు ఒప్పుకోలేదు.

1912లో నియమితమైన నగర నిర్మాణ సంఘంలో ముగ్గురు సభ్యులు: అధ్యక్షుడు కెప్టెన్ స్వింటన్, లివర్‌పూల్ నగర ఇంజనీరు బ్రాడీ, వాస్తుశిల్పి ఎడ్విన్ లుటియెన్స్. ఈ ముగ్గురూ ఏనుగుల మీదా, మోటారు కార్లలోనూ ఢిల్లీ చుట్టూ తిరిగారు. రాయి వేసిన ఉత్తరపు నేల యమునా వరదలకు లోబడిన పల్లమనీ, మలేరియాకు ఆలవాలమనీ తేల్చారు. నగరం దక్షిణానికి జరగవలసి వచ్చింది. చక్రవర్తి వేసిన శంకుస్థాపన శిలలు కూడా కాలక్రమాన ఆ నగరం వెంటే ప్రయాణం చేశాయి. ఇప్పుడవి నార్త్ బ్లాకు, సౌత్ బ్లాకు గోడలలో ఒదిగి ఉన్నాయి.

దక్షిణాన ఎక్కడ? సంఘం మొదట మాల్చా గ్రామ పరిసరాలను సూచించింది. వైస్రాయి హార్డింజ్ ప్రభువుకు అది నచ్చలేదు. ఢిల్లీ చీఫ్ కమిషనరు మాల్కమ్ హెయిలీని వెంటబెట్టుకుని గుర్రం మీద బయలుదేరి, రైసినా గుట్ట ఎక్కి నలుదిక్కులా పరికించి, ప్రభుత్వ సౌధానికి ఇదే తగిన స్థలమని నిర్ణయించాడు. ఆ సంగతి హార్డింజ్ తన స్మృతులలో స్వయంగా చెప్పుకున్నాడు. ఆరావళి పర్వతాలు ఢిల్లీలో వదిలిన చివరి రాతి ముళ్ళలో ఈ రైసినా ఒకటి. హిమాలయాలను చూసిన కంటికి అది కొండే కాదు. కాని చదునైన మైదానంలో కాస్త మెరక కూడా సింహాసనమే.

ఇద్దరు మిత్రులు

అంత పెద్ద పని ఒక్కడి వల్ల కాదని గ్రహించిన లుటియెన్స్ తనకు తోడుగా హెర్బర్ట్ బేకర్‌ను కోరుకున్నాడు. లండనులో ఎర్నెస్ట్ జార్జి కార్యాలయంలో ఇద్దరూ కుర్రతనాన కలిసి పని నేర్చుకున్నవారు. తరువాత బేకర్ దక్షిణాఫ్రికా వెళ్ళి, ప్రిటోరియాలో ఒక కొండ వాలున యూనియన్ భవనాలను నిర్మించి కీర్తి గడించాడు. 1913లో అతడు ఢిల్లీ పనిలో చేరాడు. వైస్రాయి భవనం లుటియెన్స్ వంతు; రెండు సచివాలయాలు బేకర్ వంతు.

లుటియెన్స్ ఇంటికీ తెలుగుదేశానికీ ఒక చుట్టరికం ఉన్నదని చాలామందికి తెలియదు. ఆయన భార్య ఎమిలీ ఒకప్పటి వైస్రాయి లిట్టన్ ప్రభువు కుమార్తె. దివ్యజ్ఞాన సమాజంలో చేరిన ఆ ఇల్లాలు, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఇంగ్లండుకు వెళ్ళినప్పుడు అతన్ని కన్నకొడుకులా ఆదరించింది. ఆమె కుమార్తె మేరీ పెద్దయ్యాక కృష్ణమూర్తి జీవితచరిత్రనూ, తండ్రి జీవితచరిత్రనూ కూడా రాసింది.

మొదటి ఆలోచన ప్రకారం కొండ మీద వైస్రాయి భవనం ఒక్కటే ఉండాలి. సచివాలయాలు దిగువన ఉండాలి. బేకర్ మరొకటి ప్రతిపాదించాడు. పాలకుడి నివాసమూ, పాలన సాగే కార్యాలయాలూ ఒకే పీఠం మీద సమానమైన ఎత్తున ఉంటే శోభిస్తుందన్నాడు. అందుకు లుటియెన్స్ సమ్మతించాడు. ఫలితంగా సచివాలయాలు కొండ అంచుకు వచ్చాయి. వైస్రాయి భవనం పడమటికి, వెనక్కు జరిగింది. రెండు సచివాలయాల నడుమనుంచి బాట పైకి ఎక్కాలి. ఆ బాట ఎంత వాలున ఎక్కాలో ఒక నిర్ణయం జరిగింది. 1913లో ఆ కాగితం మీద లుటియెన్స్ సంతకం చేశాడు.

ఆ సంతకమే ఆయన మెడకు చుట్టుకుంది.

కంటి ఎత్తు లెక్క

ఒక చిన్న లెక్క వేసుకుంటే జరిగినదేమిటో సులభంగా బోధపడుతుంది. ఇవి ఉదాహరణకోసం తీసుకున్న ఊహా అంకెలే. రైసినా అసలు కొలతలు కావు.

20 అడుగుల ఎత్తు పీఠం ఒకటి ఉందనుకుందాం. దాని పైకి 450 అడుగుల పొడవున ఒక వాలు బాట ఉంది. బాట పైఅంచునుంచి 1,200 అడుగుల వెనుక, ఆ పీఠం మీదనే, ఒక భవనం ఉంది. చూసే మనిషి కన్ను నేలకు 5 అడుగుల ఎత్తున ఉంటుంది. అతడు వాలు పాదాన నిలబడితే పీఠం అంచు అతడి కంటికన్న 15 అడుగులు పైన ఉంటుంది. 450 అడుగుల దూరానికి 15 అడుగులు ఎక్కిన చూపు, అంచును ఒరుసుకుని ముందుకు సాగి, ప్రతి 30 అడుగులకూ ఒక అడుగు చొప్పున పైకి పోతూనే ఉంటుంది. 1,200 అడుగుల వెనుకనున్న భవనాన్ని చేరేసరికి అది 40 అడుగులు పైకి లేస్తుంది. అంటే భవనంలో కింది 40 అడుగులు కంటికి కనిపించవు.

అదే మనిషి 3,000 అడుగుల దూరాన ఉన్నప్పుడు, ఈ లెక్కనే దాగేది 6 అడుగులు మాత్రమే. దగ్గరికి వచ్చిన కొద్దీ భవనం మునిగిపోవడంలోని రహస్యం ఇదే. వాలు పాదం అన్నిటికన్న చెడ్డ చోటు. అక్కడినుంచి పైకి ఎక్కుతూ, కన్ను అంచుతో సమానమైన ఎత్తుకు చేరే క్షణాన, దాగినదంతా బయటపడుతుంది. వాలును రెండింతలు పొడిగించి మెత్తబరిస్తే దాగేది 40 అడుగులనుంచి 20కి తగ్గుతుంది. వాలును మధ్యలో తెంచకుండా భవనం గడప దాకా ఒకే తీరున సాగిస్తే ఏదీ దాగదు.

లుటియెన్స్ తరువాత చేసిన వాదన కూడా ఇదే. బాట విజయ్ చౌక్ స్థలంనుంచి వైస్రాయి భవనం దాకా ఎడతెగని వాలుగా సాగుతుందని తాను భావించినట్టు చెప్పాడు. బేకర్‌కు మాత్రం సచివాలయాల నడుమ చదునైన ఆవరణ కావాలి. ఎదురెదురుగా ఉన్న రెండు భవనాల మట్టం ఒకటిగా ఉండాలి. ఎవరి భవనం పక్కన నిలబడి చూస్తే వారి మాటే న్యాయంగా తోస్తుంది. చిక్కు ఏమిటంటే నేల ఒక్కటే.

కళ్ళను మోసగించిన బొమ్మ

ఇంతటి అనుభవజ్ఞుడు అప్పుడే ఎందుకు పసిగట్టలేకపోయాడు? దానికి సమాధానంలో ఒక చిత్రపటం ఉంది. విలియం వాల్కాట్ అనే చిత్రకారుడు కొత్త ఢిల్లీ భవనాలు కట్టిన తరువాత ఎలా ఉంటాయో చూపుతూ అందమైన చిత్రం రచించాడు. 1914లో అది లండను రాయల్ అకాడమీలో ప్రదర్శితమైంది. అందులో సచివాలయాల నడుమనుంచి వైస్రాయి భవనం దర్జాగా కనిపిస్తుంది. చిత్రంలో అబద్ధమేమీ లేదు. కాని దాన్ని గీసిన కన్ను నేల మీద నడిచే మనిషిది కాదు. నేలకు బాగా ఎత్తున, గాలిలో నిలిచిన కన్ను. ఏనుగు అంబారీ మీద ఊరేగేవారికి ఆ దృశ్యం కొంత దక్కవచ్చునేమో గాని, కాలినడకన వచ్చే సామాన్యుడికి దక్కదు.

1916 నాటికి నిజం లుటియెన్స్‌కు పూర్తిగా బోధపడింది. వాలు మార్చమని పట్టుబట్టాడు. అప్పటికి మహాయుద్ధం సాగుతున్నది. ప్రభుత్వం వారికి ప్రతి రూపాయీ బరువుగా ఉన్నది. పైగా కాగితం మీద ఆయన సంతకమే ఉన్నది. అభ్యర్థన తిరస్కృతమైంది. ఆయన ఊరుకోలేదు. పెద్దలందరికీ మొరపెట్టుకున్నాడు, చక్రవర్తి దాకా వెళ్ళాడు. 1922లో ఆ విషయం మళ్ళీ విచారణకు వచ్చి మళ్ళీ వీగిపోయింది. మిత్రులిద్దరికీ ఏళ్ళ తరబడి మాటలు లేకపోయాయి.

లుటియెన్స్ మాటల చమత్కారానికి పేరుపడ్డవాడు. లండను భూగర్భ రైలు మార్గాలలో ఒకదాని పేరు బేకర్‌లూ; బేకర్ వీధినీ, వాటర్‌లూ స్టేషనునూ కలుపుతుంది గనుక ఆ పేరు వచ్చింది. 1815లో నెపోలియన్ చక్రవర్తి వాటర్‌లూ యుద్ధరంగంలో ఓడినట్టుగా, తాను బేకర్‌లూలో ఓడిపోయానని లుటియెన్స్ తన ఓటమిని తానే హాస్యమాడాడు. నవ్వు వెనుక కడుపుకోత మాత్రం తగ్గలేదు. బేకర్ తన పక్షం కథను 1944లో వెలువడిన స్మృతిగ్రంథంలో చెప్పుకున్నాడు. ఆ సంవత్సరం జనవరి 1ననే లుటియెన్స్ కన్ను మూశాడు. రెండేళ్ళ తరువాత, 1946లో, బేకర్ కూడా వెళ్ళిపోయాడు.

1931 ఫిబ్రవరిలో కొత్త ఢిల్లీకి ప్రారంభోత్సవం జరిగింది. 70 కోట్ల ఇటుకలూ, 30 లక్షల ఘనపుటడుగుల రాయీ మింగిన వైస్రాయి భవనం 1950 జనవరి 26న రాష్ట్రపతి భవన్ అయింది. కింగ్స్‌వే రాజపథమై, 2022లో కర్తవ్యపథమైంది. పాలకులు మారారు, పేర్లు మారాయి. ఆ వాలు మాత్రం కట్టిన నాటి వలెనే ఉన్నది.

తెర మీది రైసినా

ఇప్పుడు వాస్తుశిల్పి బల్ల మీద టీ-స్క్వేరు లేదు. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ కార్యాలయాలలో వేలమంది యువతీయువకులు రివిట్, ఆర్కిక్యాడ్, స్కెచప్ వంటి సాఫ్ట్‌వేర్లతో పని చేస్తున్నారు. భవనాన్ని గీతలుగా కాక, గోడలూ తలుపులూ కప్పులూ గల సంపూర్ణమైన నమూనాగా తెర మీదే నిర్మిస్తారు. సర్వే చేసేవారు నేల నమూనాను వేరుగా తయారు చేసి ఇస్తారు. పరికరాలతో కొలిచిన వేల బిందువులను త్రిభుజాలుగా అల్లి, మెరకపల్లాలతో సహా నేల ఉపరితలాన్ని కంప్యూటరు తయారు చేస్తుంది. బడిలో భూగోళ పాఠాన చదువుకున్న సమోన్నత రేఖలే ఇక్కడ పునాది.

ఇక రెంటినీ కలపాలి. కలిపిన మొదటి క్షణంలో కొత్తవారు నివ్వెరపోయే దృశ్యం తరచుగా ఎదురవుతుంది. భవనం కనిపించదు! వెతికితే అది నేలకు 200 మీటర్ల లోతున, పాతాళంలో దొరుకుతుంది.

కారణం సులభమే. భవనం గీసినవాడికి నేలగదుల గచ్చే సున్న. ఎత్తులన్నీ అక్కడినుంచే లెక్కిస్తాడు. సర్వే చేసినవాడికి సున్న అంటే సముద్రమట్టం. ఢిల్లీ మైదానం సముద్రమట్టానికి సుమారు 215 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇద్దరూ నిజమే చెప్పారు; ఇద్దరి సున్నలూ వేరు. ఒకే గ్రామంలో ఇద్దరు కరణాలు రెండు గొలుసులతో పొలం కొలిచినట్టుంటుంది వ్యవహారం.

ఎత్తుతో తగువు తీరదు. భవనపు నమూనాలో గోడలు తెరకు సమాంతరంగా, నిలువూ అడ్డంగా ఉంటాయి. గీయడానికి అదే సదుపాయం. నేల పటంలో పై దిక్కు అసలైన ఉత్తరం. ఈ రెండు ఉత్తరాలకూ నడుమ నున్న కోణం చెప్పకపోతే ఇల్లు స్థలంలో వంకరగా కూర్చుంటుంది. తూర్పున రావలసిన ఎండ మరెక్కడో వస్తుంది. కొలతల మాట మరొకటి. ఒకరు మీటర్లలో, ఒకరు అడుగులలో పని చేస్తే స్థలం మూడింతలకు మించి పెరుగుతుంది, లేదా ఆ మేరకు కుంచించుకుపోతుంది.

దూరం మరొక గండం. దేశ పటాల లెక్కలో ఢిల్లీలోని ఏ బిందువైనా భూమధ్యరేఖకు ఉత్తరంగా 31 లక్షల మీటర్ల పైచిలుకు దూరాన ఉంటుంది. అంత పెద్ద అంకెలను మోస్తూ మిల్లీమీటరు గీతలు గీయడం కొన్ని సాఫ్ట్‌వేర్లకు శక్తికి మించిన పని. రివిట్ విషయమే తీసుకుంటే, దాని అంతర్గత మూలబిందువునుంచి సుమారు 16 కిలోమీటర్ల లోపుననే నిర్మాణం ఉండాలని చెబుతారు. హద్దు మీరితే గీతలు వణుకుతాయి, తలాలు చెదురుతాయి.

చేత్తో జరిపితే తీరేది కాదు

ఇక్కడే చాలామంది తొందరపడతారు. భవనాన్ని మౌస్‌తో పట్టుకుని, కంటికి సరిపోయినట్టు కనిపించేదాకా పైకి లాగి, నేల మీద కూర్చోబెట్టి సంతోషిస్తారు. కొందరు భవనాన్ని కదపడం ఇష్టంలేక నేలనే కిందికి దింపుతారు. తెర మీద రెండూ అందంగానే ఉంటాయి. కాని స్తంభాలు గీసే ఇంజనీరు పాత ఎత్తులోనే ఉంటాడు. మురుగుకాలువలు గీసే ఇంజనీరు సముద్రమట్టం లెక్కలోనే ఉంటాడు. మూడు నెలల తరువాత మూడు పటాలనూ ఒకచోట చేర్చినప్పుడు కాలువ గొట్టం పునాదిలోనుంచి పోతూ కనిపిస్తుంది.

సరైన పద్ధతి దేన్నీ జరపడం కాదు. రెండు లెక్కలకూ నడుమ ఒప్పందం రాసుకోవడం. స్థలంలో కదలని గుర్తు ఒకటి ఎన్నుకోవాలి. ప్రహరీ మూల కావచ్చు, సర్వేవారు పాతిన రాయి కావచ్చు. అదే బిందువు భవనపు నమూనాలో ఎక్కడ పడుతుందో చూపాలి. దాని ఎత్తు సముద్రమట్టంనుంచి ఎంతో చెప్పాలి. ఉత్తర దిక్కుకు భవనం ఎంత కోణాన తిరిగి ఉందో చెప్పాలి. ఒక బిందువు, ఒక ఎత్తు, ఒక కోణం: ఈ మూడూ తేలితే చాలు. ఇకమీదట భవనపు సున్న సున్నగానే ఉంటుంది. సముద్రమట్టం లెక్కా చెరగదు. ఎవరు ఏ భాషలో అడిగినా సాఫ్ట్‌వేరు ఆ భాషలో జవాబు చెబుతుంది. ఈ ఒప్పందం మొదటి రోజున జరగాలి. పని సగం అయిన తరువాత చేయబోతే లుటియెన్స్ 1916లో చేసిన అభ్యర్థన వంటిదే అవుతుంది.

ఒప్పందం కుదిరాక నేలతో బేరం మొదలవుతుంది. వాలు నేల మీద చదునైన గచ్చు రావాలంటే మెరకను తవ్వాలి, లేదా పల్లాన్ని పూడ్చాలి. ఎంత తవ్వాలి, ఎంత పూడ్చాలి అన్న లెక్కను కంప్యూటరు క్షణంలో కడుతుంది. తవ్విన మట్టి పూడ్చడానికి సరిపోయేలా గచ్చు మట్టాన్ని అంగుళాల లెక్కన సవరించుకోగలిగితే లారీల ఖర్చు మిగులుతుంది, చెట్లూ మిగులుతాయి.

తెర మీది నేలను గుడ్డిగా నమ్మడం కూడా ప్రమాదమే. కొలిచిన బిందువుల నడుమ కంప్యూటరు చూపే నేల వట్టి అంచనా. రెండు సమోన్నత రేఖల నడుమ చిన్న పిల్లకాలువో, రాతి గట్టో ఉంటే అది పటానికి ఎక్కదు. సర్వే జరిగిన తరువాత పక్క రోడ్డు మీద రెండుసార్లు తారు పోసి ఉండవచ్చు. ఆ మేరకు రోడ్డు పైకి లేచి, ఇల్లు పల్లంలో పడుతుంది. అందుకే అనుభవజ్ఞులు రెండు పరీక్షలు చేస్తారు. మొదటిది, భవనాన్నీ నేలనూ కలిపి నిలువుగా కోసిన పటం చూడటం. గచ్చు ఎక్కడ, రోడ్డు ఎక్కడ, కాలువ ఎక్కడ అన్నది ఆ పటంలో దాగదు. రెండవది, తెర మీద కెమెరాను మనిషి కంటి ఎత్తున పెట్టి గేటునుంచి గడప దాకా నడిపించడం. 1913లో ఈ నడక జరిగి ఉంటే ఒక స్నేహం నిలిచి ఉండేది.

విచిత్రమేమంటే, సాధనం చేతిలో ఉన్నా ఆ నడక నడిచేవారు తక్కువ. అపార్టుమెంట్ల ప్రకటనలలో అచ్చయ్యే రంగుల బొమ్మలు చూడండి. అవి ఎక్కువగా ఆకాశంనుంచి చూసినవే. కొనుక్కునేవాడు మాత్రం డేగ కాదు. గేటు దగ్గర కూరగాయల సంచితో నిలబడే మనిషి. వాల్కాట్ చిత్రం ఇంకా ప్రతి వారం అచ్చవుతూనే ఉన్నది.

పల్లమెరిగిన నీరు

లుటియెన్స్ నష్టపోయినది ఒక దృశ్యం. మట్టాల లెక్క తప్పితే దృశ్యంతో పోయే కాలం కాదిది.

ఢిల్లీకి దక్షిణాన గురుగ్రామ్ ఉన్నది. ఆరావళి గుట్టలనుంచి వాన నీరు అక్కడి నేల వాలు వెంట నజఫ్‌గఢ్ కాలువ వైపుకు దిగుతుంది. వెనకటివారు ఆ వాలును గుర్తించి ఘాటా, ఝర్సా, చక్కర్‌పూర్ వంటి చోట్ల కట్టలు పోసి, నీటిని ఆపి, నేలకు ఇంకించేవారు. ఆ కట్టల మీదుగా, వాగుల మీదుగా నగరం పరుచుకుంది. ప్రతి భవనం తన ప్రహరీ లోపల మట్టాలు సరిగానే చూసుకుని ఉండవచ్చు. ప్రహరీ వెలుపల నేల ఎటు వాలిందో చూసినవారు తక్కువ. 2016 జూలై 28 సాయంత్రం కురిసిన వానకు రహదారులు చెరువులై, వేలాది జనం రాత్రంతా వాహనాలలోనే చిక్కుకుపోయారు.

2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో అంతకన్న ఘోరం జరిగింది. సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే విద్యార్థులతో నిండి ఉండే పేట అది; తెలుగు విద్యార్థులు కూడా ఎందరో అక్కడ గదులు అద్దెకు తీసుకుని ఉంటారు. సామగ్రి నిల్వకూ, వాహనాలకూ మాత్రమే అనుమతి పొందిన ఒక సెల్లారులో గ్రంథాలయం నడుపుతున్నారు. వాన నీరు వీధిలో నిండి లోపలికి దూకింది. ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ఆ నేరం సాఫ్ట్‌వేరుది కాదు. నిబంధనల ఉల్లంఘన, నిర్లక్ష్యం దానికి కారణాలు. అయినా ఆ మరణాలు నేర్పే మొదటి పాఠం మట్టాలదే. వీధి కంటె గచ్చు కిందనున్న చోట, నీటికీ మనిషికీ నడుమ నిలిచేది గడప ఎత్తు ఒక్కటే. ఆ ఎత్తు కాగితం మీద ఒక చిన్న అంకె.

ఈ పాఠం మన తాపీమేస్త్రీలకు కొత్త కాదు. ఇల్లు కట్టబోయే ముందు వారు చేసే మొదటి పని పారదర్శకమైన గొట్టంలో నీళ్ళు నింపి, ఒక కొసను వీధిలో గుర్తు దగ్గరా, రెండవ కొసను స్థలంలోనూ పట్టుకుని మట్టం చూడటం. గొట్టం రెండు కొసలలోని నీరూ ఎప్పుడూ ఒకే ఎత్తున నిలుస్తుంది. ఒక కదలని గుర్తు, దానినుంచి ఒక కొలత. తెర మీద వాస్తుశిల్పి రాసుకునే ఒప్పందం సారాంశం కూడా సరిగ్గా అదే. అందులో వీధి మొదటిది, ఇల్లు రెండవది. ఇంటి మట్టాన్ని వీధినుంచి తీసుకోవాలి గాని వీధి మట్టాన్ని ఇంటినుంచి ఊహించరాదు.

ప్రతి సంవత్సరం జనవరి 29 సాయంత్రం విజయ్ చౌక్‌లో గణతంత్ర ఉత్సవాల ముగింపుగా సైనిక వాద్యాలు మోగుతాయి. పొద్దుగుంకే వేళ జనం పడమటికి చూస్తారు. సచివాలయాల గోపురాలు దీపాలతో వెలుగుతాయి. వాటి నడుమ, వాలు అంచుకు ఆవల, గుమ్మటం కొసను మాత్రం చూసి, భవనం ఎక్కడుందని పిల్లలు తండ్రులను అడుగుతారు. మెరక వెనుక ఉన్నదని తండ్రులు చెబుతారు. వందేళ్ళ కిందట ప్రపంచ ప్రఖ్యాతుడైన శిల్పికి సంతకం చేసే రోజున తోచని సంగతి అది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటుంది మన సామెత. కట్టేవాడికి ఈ రెండూ తెలియాలి. తెరనుంచి కళ్ళు తిప్పుకుని, ఒక్కసారి స్థలానికి వెళ్ళి, తన కంటి ఎత్తున నిలబడి నాలుగు దిక్కులా చూస్తే ఆ రెంటిలో కొంతైనా తెలుస్తుంది.